బ్రెస్ట్ పంపుతో ఉద్యోగంలో ఏడు నెలలు: యంత్రం గురించి, అది అడిగే సమయం గురించి

నా పాపకు నాలుగో నెల నడుస్తుండగా ప్రసూతి సెలవు ముగిసి, నేను తిరిగి ఉద్యోగంలో చేరాను. చేరడానికి మూడు వారాల ముందే రొమ్ములకు ఆనించి పాలు తీసే రెండు గరాటులున్న ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంపు ఒకటి కొని, అప్పటినుంచి పాపకు పదకొండో నెల వచ్చేవరకు దాదాపు ప్రతి పనిదినమూ వాడాను. ఇక్కడ రాస్తున్న విషయాల్లో చాలావరకు ఏ ఒక్క కంపెనీకో పరిమితమైనవి కావు, ఈ రకం పంపులన్నిటికీ వర్తించేవే. అందువల్ల తయారీదారు పేరు రాయడం లేదు. కొనే ముందు నేను చదివిన సమీక్షలన్నీ లాగే శక్తి ఎంత, చప్పుడు ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్న మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. పాలు ఎక్కడ కూర్చుని తీశారో, ఆ సమయానికి జీతం ఇచ్చారో కోశారో, తలుపుకు గడియ ఉందో లేదో ఒక్కరూ రాయలేదు. ఏడు నెలల తర్వాత చూస్తే నాకు పంపు పనికివచ్చిందా లేదా అన్నది మోటారు కన్నా ఎక్కువగా ఈ రెండో రకం ప్రశ్నల మీదే ఆధారపడింది. కనుక ఈ సమీక్షలో రెండింటినీ కలిపే చెబుతాను.

ముందు యంత్రం సంగతి. మోటారు గొట్టాల గుండా గాలిని లయగా లాగి వదులుతుంటుంది. లాగినప్పుడు చనుమొన గరాటు లోపలికి సాగి పాలు వస్తాయి; గరాటు అడుగున ఉన్న చిన్న సిలికాన్ వాల్వు అప్పుడు మూసుకుని ఉండి, లాగుడు సడలగానే తెరుచుకుని పాలను సీసాలోకి వదులుతుంది. ఇందులో రెండు దశలున్నాయి. మొదటి రెండు నిమిషాలు త్వరత్వరగా, తేలికగా లాగుతుంది. చంటిబిడ్డ రొమ్ము నోట పెట్టుకున్న వెంటనే చేసేది అదే. ఆ తర్వాత నెమ్మదిగా, లోతుగా లాగడం మొదలుపెడుతుంది. రొమ్ములో పాలు ఉండటం వేరు, చేపు రావడం, అంటే ఆ పాలు దిగి బయటికి రావడం, వేరు. చేపు రావాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదల కావాలి. భయం, తొందర, బిడియం దాన్ని ఆపేస్తాయి. ఇంట్లో కూర్చుంటే నాకు నిమిషంన్నరలో చేపు వచ్చేది. ఆఫీసులో మొదటి వారం ఏడెనిమిది నిమిషాలు పట్టేది, ఈలోగా ఎవరైనా తలుపు తోస్తే వచ్చిన చేపు కూడా ఆగిపోయేది. సీసా గోడ మీద అప్పటిదాకా సన్నని ధారలుగా జారిన పాలు చుక్కలై, ఆ చుక్కలు కూడా నిలిచిపోవడం నేను కళ్లారా చూశాను. యంత్రం అదే వేగంతో లాగుతూనే ఉంది. అందువల్ల ఎంత ఖరీదైన మోటారైనా గడియ లేని గదిలో సగం యంత్రమే అని మనస్ఫూర్తిగా చెప్పగలను.

గరాటు కొలత గురించి ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే రెండు వారాల నొప్పి తప్పేది. పెట్టెలో 24, 28 మిల్లీమీటర్ల గరాటులు వచ్చాయి, ఆ రెండే ఉంటాయని నేను అనుకున్నాను. వాడిన ప్రతిసారీ చనుమొన చుట్టూ ఎర్రగా కంది, చర్మం గరాటు లోపలికి ఉబ్బుకుని వచ్చేది. చివరికి స్కేలు పెట్టి కొలుచుకుంటే చనుమొన వెడల్పు 17 మిల్లీమీటర్లని తేలింది. విడిగా 19 మిల్లీమీటర్ల గరాటులు తెప్పించుకున్న రోజే నొప్పి పోయింది, పాలు కూడా తొందరగా వచ్చాయి. నొప్పిని భరించడం పాలు తీయడంలో భాగమని చాలామంది తల్లులు అనుకుంటారు; అది నిజం కాదు. నొప్పి ఉంటే గరాటు కొలతో, లాగుడు స్థాయో సరిపోలేదని అర్థం. లాగుడును అత్యధిక స్థాయిలో పెడితే ఎక్కువ పాలు వస్తాయన్నది కూడా అపోహే, హాయిగా అనిపించే చివరి మెట్టు దగ్గర ఆగాలి.

ఈ యంత్రం మీద నాకున్న అసలు ఫిర్యాదు వాల్వు విషయంలో. మూడో నెలలో పాలు ఉన్నట్టుండి తగ్గాయి. పూటకు 120 మిల్లీలీటర్లు వచ్చే చోట 70 కూడా రాలేదు. పని ఒత్తిడి వల్ల పాలు ఎండిపోతున్నాయని నేను నమ్మాను, చుట్టూ ఉన్నవారూ నమ్మారు, డబ్బాపాలు మొదలుపెట్టమని సలహాలు వచ్చాయి. నాలుగు రోజులు రాత్రిళ్లు ఏడ్చాను. ఐదో రోజు సీసాలు కడుగుతూ వాల్వును దీపం వెలుగులో పట్టుకుని చూస్తే, కొనభాగంలో వెంట్రుకంత చీలిక కనబడింది. చీలికలోంచి గాలి పోతుంటే లాగుడు బలం తగ్గిపోతుంది, ఏమీ చెడిపోయినట్టు కనబడదు, చప్పుడు కూడా మారదు. కొత్త వాల్వు వేసిన మర్నాడు పాలు మునుపటి గీతను చేరాయి. వాల్వులను తరచూ మార్చాలన్న మాట వినియోగ పుస్తకంలో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. తల్లి తన శరీరాన్నే అనుమానించుకునేలా చేసే లోపం గురించి మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయకపోవడం క్షమించదగిన విషయం కాదు. పంపుతోపాటే రెండు జతల వాల్వులు అదనంగా కొని దగ్గర పెట్టుకోండి.

బ్యాటరీ బాగుంది, చప్పుడు భరించదగినదే. లోదుస్తుల్లో ఇమిడిపోయే, గొట్టాల్లేని రకం పంపును కూడా ఒక సహోద్యోగిని దగ్గర చూశాను. బల్ల దగ్గర పని చేసుకుంటూనే వాడవచ్చని దాన్ని అమ్ముతారు. ముందుకు వంగితే పాలు ఒలికిపోవడం ఒక ఇబ్బంది అయితే, "పని చేసుకుంటూనే" అన్న మాట నాకు అంతకన్నా ఎక్కువ ఇబ్బంది కలిగించింది. విరామం అక్కర్లేని తల్లి అన్న ఊహను ఆ ప్రకటన యజమాని ముందు పెడుతోంది.

ఇక సమయం. ఒక్కసారి పాలు తీయడానికి పంపు ఆడే సమయం పదిహేను, ఇరవై నిమిషాలే. గదికి వెళ్లడం, భాగాలు బిగించడం, చేపు కోసం ఆగడం, తీసిన పాల సీసా మీద తేదీ, గంట రాయడం, భాగాలు కడగడం కలిపితే అరగంట. పాప తాగే వేళలకు తగ్గట్టు పనివేళల్లో మూడుసార్లు తీయాలి, లేకపోతే రొమ్ములు గడ్డకడతాయి, పాలు ఉత్పత్తి కావడమే తగ్గుతుంది. ఖాళీ అయితేనే మళ్లీ నిండటం రొమ్ము స్వభావం. అంటే రోజుకు గంటన్నర, ఐదు రోజుల వారానికి ఏడున్నర గంటలు, దాదాపు ఒక పూర్తి పనిదినం. ఈ ఏడున్నర గంటలకు జీతం ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు దొరకకుండా ఏ పంపు ఖరీదునూ లెక్కకట్టలేం. జీతం కోసే చోట పంపు అసలు ధర పెట్టె మీద ముద్రించినది కాదు, అది ప్రతి నెలా జీతపు చీటీలో పడుతూ ఉంటుంది.

ఈ సమయం కోసం పోరాటం కొత్తది కాదు. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ చేసిన ఒడంబడికల్లో మూడోది ప్రసూతి రక్షణ గురించినదే; పన్నెండు వారాల సెలవుతోపాటు పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామం ఇవ్వాలని అందులో ఉంది. అదే మహాసభ 2000లో చేసిన 183వ ఒడంబడిక సెలవును కనీసం 14 వారాలకు పెంచింది, సెలవు కాలంలో వచ్చే నగదు సంపాదనలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదంది, పాలిచ్చే విరామాలను పనిగంటలుగానే లెక్కించి జీతం చెల్లించాలంది. ఇందులో నేను గమనించిన విషయం ఒకటుంది. 1919 నాటి అరగంట, బిడ్డ దగ్గర్లోనే ఉంటుందని, తల్లి వెళ్లి పాలిచ్చి వస్తుందని ఊహించి పెట్టిన అరగంట. పంపు వచ్చాక బిడ్డకూ తల్లికీ మధ్య దూరం పెరిగినా పాలు అందుతున్నాయి, కానీ పట్టే సమయం ఏమాత్రం తగ్గలేదు. సీసాలు కడిగే పని అదనంగా చేరింది కూడా.

మా సంస్థ విరామాలు ఇవ్వడానికి అభ్యంతరం చెప్పలేదు. జీతం కూడా కోయలేదు. ఆ మేలు నేను మరచిపోను. గది దగ్గరే చిక్కు వచ్చింది. మొదటి రోజు నన్ను మరుగుదొడ్డి వాడుకోమన్నారు. బిడ్డ తాగే పాలను మరుగుదొడ్లో కూర్చుని తీయమనడం తప్పని వారికి తోచలేదు, కావాలని చేసినది కాదని నమ్ముతున్నాను. రెండో వారంలో పాత ఫైళ్లు పెట్టే గది ఇచ్చారు. లోపలి గడియ లేదు, ప్లగ్ పాయింటు బీరువా వెనుక ఉంది, కుర్చీ లేదు. నేను ఒక ఫైళ్ల కట్ట మీద కూర్చుని, తలుపుకు కాలు అడ్డంపెట్టి, పాప ఫొటో ఫోన్‌లో చూసుకుంటూ పాలు తీశాను. అడగగా అడగగా ఆరో వారానికి గడియ బిగించారు. ఒక గడియ, ఒక కుర్చీ, చేతులు కడుక్కునే నీళ్లు, సీసా పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో ఒక అర. ఈ నాలుగూ కలిపినా పంపు కన్నా చవకే. గడియ బిగించిన వారంలో నాకు చేపు వచ్చే సమయం మూడు నిమిషాలకు తగ్గింది. విరామం కుదించాలని ఆలోచించే యజమానులు ఈ లెక్కను గమనించాలి.

పాలు నిలవ ఉంచడం గురించి క్లుప్తంగా: అప్పుడే తీసిన తల్లిపాలు 25 డిగ్రీల వరకు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలల వరకు బాగుంటాయి. గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న సంచిలో ఒక రోజు దాకా తీసుకువెళ్లవచ్చు. ఒకసారి కరిగించిన పాలను మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఇప్పుడు అసలు ఈ యంత్రం మనకెందుకు కావలసివస్తోందన్న ప్రశ్న. బిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ, నీళ్లు కూడా, అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు నెలలంటే 26 వారాలు. అంతర్జాతీయ ఒడంబడిక పెట్టిన కనీస సెలవు 14 వారాలు. దానికి అనుబంధంగా వచ్చిన 191వ సిఫారసు కూడా 18 వారాల దగ్గరే ఆగింది. వైద్యం చెప్పే కాలానికీ, చట్టం ఇచ్చే కాలానికీ మధ్య, కనీస సెలవు లెక్కన మిగిలిన పన్నెండు వారాలను తల్లి శరీరం, ఒక మోటారు, రెండు సీసాలు కలిసి నెట్టుకు రావాలి.

ఈ ఖాళీని దేశాలు ఒక్కొక్క తీరుగా పూడ్చాయి. భారతదేశం 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చని చెప్పింది. 1974లోనే తల్లిదండ్రులిద్దరికీ వర్తించే సెలవు తెచ్చిన స్వీడన్‌లో ఇప్పుడు ఒక్కో బిడ్డకు 480 రోజుల భృతి ఉంది. అంత సెలవున్న తల్లికి పంపు ఎప్పుడైనా ఒకసారి అక్కరకొచ్చే వస్తువు మాత్రమే. అమెరికాలో 1993 నాటి చట్టం ఇచ్చే 12 వారాల సెలవుకు జీతం లేదు, అది కూడా చిన్న సంస్థల్లో పనిచేసేవారికి అందదు. అదే దేశంలో 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం తర్వాత చాలా బీమా పథకాలు పంపును తల్లికి అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలి. బిడ్డకు ఏడాది నిండేవరకు యజమాని విరామాలూ, మరుగుదొడ్డి కాని చాటైన చోటూ ఇవ్వాలి. 2022 చివర్లో వచ్చిన మరో చట్టం ఆ హక్కును ఇంకా చాలామంది ఉద్యోగినులకు విస్తరించింది. చోటు మరుగుదొడ్డి కాకూడదని చట్టంలోనే రాసుకోవడం నాకు ఎంతో నచ్చింది. ఫైళ్ల గదిలో కూర్చున్నవారికి ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. అయినా జీతంతో కూడిన సెలవు ఇవ్వకుండా పంపు ఇవ్వడం, తల్లి త్వరగా తిరిగి రావడానికి ఏర్పాటు చేయడమే అవుతుందన్న బాధ నాకు మిగిలింది.

సెలవు పొడవు ఒక్కటే చూసి సంతోషించడానికి కూడా వీల్లేదు. ఆ సెలవు ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది మహిళల ఉద్యోగాలను నేరుగా తాకే విషయం. మొత్తం భారం యజమాని ఒక్కడి మీదే పడితే, పెళ్లయిన యువతి దరఖాస్తు వచ్చినప్పుడు అతని మనసులో ఏ లెక్క నడుస్తుందో మనందరికీ తెలుసు. అందుకే 183వ ఒడంబడిక, ఈ భృతి సామాజిక బీమా నుంచి గానీ ప్రభుత్వ నిధి నుంచి గానీ రావాలని, ప్రత్యేకంగా అంగీకరిస్తే తప్ప యజమానిని ఒంటరిగా బాధ్యుణ్ని చేయకూడదని చెప్పింది. ఉద్యోగ దరఖాస్తు సమయంలో గర్భ పరీక్ష అడగడాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. స్త్రీ, పురుషుల సంపాదనలోని తేడాలపై పరిశోధనకు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య కూడా మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచే ఆ తేడా పెద్దదవుతుందని చూపించారు. ఫైళ్ల గదిలో గడిపిన నెలల్లో నేను తప్పిపోయిన సమావేశాలు, నాకు బదులు మరొకరికి వెళ్లిన పనులు గుర్తుకొస్తే, ఆ తేడా ఎలా పెరుగుతుందో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

పంపు ఎవరికి ఉపయోగపడదో కూడా చెప్పాలి. కరెంటు, ఫ్రిజ్, గది, విరామం ఉన్న ఉద్యోగినికి ఇది మంచి సాధనం. దినకూలికి వెళ్లే తల్లికి, ఇళ్లలో పనిచేసే తల్లికి, ఎండలో నిలబడి పనిచేసే తల్లికి వీటిలో ఒక్కటీ లేదు. ఆమెకు పనికి వెళ్లని రోజు కూలి లేని రోజే. ఇంటి పనివారి గురించి 2011లో వచ్చిన 189వ అంతర్జాతీయ ఒడంబడిక ప్రసూతి విషయంలోనూ వారికి ఇతర కార్మికులతో సమానమైన సామాజిక భద్రత ఉండాలంది. అలాంటి తల్లికి పంపును ఉచితంగా ఇచ్చినా ప్రయోజనం లేదు. నేరుగా చేతికందే నగదు, పనిచోటుకు దగ్గర్లో బిడ్డను చూసుకునే మనిషి ఉంటే ఆమెకు యంత్రంతో పనే ఉండదు. ఆమెకు సరిపడని వస్తువుకు నేను పూర్తి మార్కులు వేయలేను.

ఆరోగ్యం విషయంలో రెండు హెచ్చరికలు. పాలు తీయడం ఒక పూట తప్పిపోయిన రోజు సాయంత్రానికి నా కుడి రొమ్ములో రాయిలాంటి గడ్డ, ఆ పక్కన ఎర్రదనం, రాత్రికి చలిజ్వరం వచ్చాయి. రొమ్ము వాపు అంటే ఇదే. దీన్ని ఓర్చుకుంటూ కూర్చోకుండా వైద్యులకు చూపించాలి. నేను మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఆగడం పొరపాటు. "ఈ ఒక్క మీటింగ్ అయ్యాక వెళ్లు" అన్న మాటకు నేను తల ఊపడం వల్ల వచ్చిన జబ్బు అది. రెండోది ఇంకా తక్కువమందికి తెలిసినది. పాలిస్తున్నంతకాలం గర్భం రాదన్న నమ్మకం షరతులతో కూడినది: బిడ్డకు ఆరు నెలలు దాటకూడదు, నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు, రాత్రింబవళ్లు ఎక్కువ ఎడం లేకుండా బిడ్డకు తల్లిపాలే పట్టాలి. బిడ్డ స్వయంగా తాగడానికి బదులు పనివేళలంతా పంపుతో తీసే తల్లికి ఆ రక్షణ తగ్గవచ్చు. తిరిగి ఉద్యోగంలో చేరే ముందు పంపు గురించి అడిగినట్టే గర్భనిరోధం గురించి కూడా వైద్యురాలిని అడగాలి. నా విషయంలో ఆ మాట ఎత్తిన ఒకే ఒక వ్యక్తి టీకాల కోసం వెళ్లినప్పుడు కలిసిన నర్సు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు: కొనవచ్చు, రెండు గరాటులున్నదే కొనండి, పాలు గొట్టాల్లోకి పోకుండా అడ్డుపొర ఉన్న రకమే తీసుకోండి, గరాటు కొలత ముందే చూసుకోండి. రెండు వారాల ముందునుంచి ఇంట్లో అలవాటు చేసుకోండి. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి చేత్తో పాలు పిండటం తప్పక నేర్చుకోండి. పంపు మరచిపోయి వెళ్లిన ఒక రోజు నన్ను కాపాడింది అదే. అన్నిటికన్నా ముందు, సెలవులో ఉండగానే మీ సంస్థకు రాతపూర్వకంగా నాలుగు విషయాలు అడగండి: రోజుకు ఎన్ని విరామాలు, వాటికి జీతం ఉంటుందా, ఏ గది, గడియ ఉందా. నోటిమాటగా ఒప్పుకున్నది పని ఒత్తిడి పెరిగిన రోజున ఎవరికీ గుర్తుండదు.

మా విభాగంలో మరో సహోద్యోగిని వచ్చే నెల సెలవు ముగించుకుని వస్తోంది. ఏ పంపు కొనాలని ఫోన్ చేసి అడిగితే, పైన రాసినవన్నీ చెప్పి, నా దగ్గర వాడకుండా మిగిలిన వాల్వుల జత ఆమెకు పంపించాను. యంత్రం ఏదన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. నాలుగు ప్రశ్నల ఉత్తరం మాత్రం నిన్ననే పంపింది.